ఖాళీ గడి

మత్తు మాన్పించే కేంద్రంలో రికార్డుల గది. నెలాఖరు శనివారం, పొద్దున పదకొండు దాటింది. పన్నెండు కొట్టేలోగా నెల నివేదిక కంప్యూటర్‌లో పై ఆఫీసుకు వెళ్లిపోవాలి. బల్లకి ఒకవైపు గుమాస్తా, రెండోవైపు ఒక బస్సు డ్రైవరు భార్య, తెరిచిన తలుపు బయట వరండా బెంచి మీద నిద్రపోతున్న ఆ డ్రైవరు.

“వచ్చాడమ్మా.”

“రాలేదు సార్.”

“వచ్చాడంటే వచ్చాడు. ఇదిగో, ఇటు తిప్పుతాను, నువ్వే చూడు. ఆదివారం ఆకుపచ్చ. సోమవారం ఆకుపచ్చ. మంగళ, బుధ, గురు, శుక్ర. ఆరు గడులూ చిలకల్లా కూర్చున్నాయి. ఆకుపచ్చ అంటే ఏంటి? మనిషి వచ్చాడు, కిటికీ దగ్గర మందు తాగాడు, వెళ్లాడు.”

“ఆ ఆరు రోజులూ మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు సార్. వెనక గదిలో. నేనే తాళం వేశాను. చెవి ఇదిగో, మెడలో వేసుకుని తిరిగాను.”

“చెవి చూపిస్తే నేనేం చెయ్యనమ్మా? నేను నమ్మాల్సింది కంప్యూటర్ని.”

“కంప్యూటర్ మా వెనక గది చూసిందా సార్?”

“నోరు బాగానే ఉంది నీకు. అసలు కట్టుకున్న మొగుణ్ణి గదిలో పెట్టి తాళం ఎందుకేశావు?”

“ఇక్కడ పోసే మందు కూడా మత్తేనట కదా. మా పక్కింటావిడ చెప్పింది. ఒకటి మాన్పిస్తామని ఇంకోటి అలవాటు చేస్తున్నారు, జీవితాంతం కిటికీ ముందు గ్లాసు పట్టుకుని నిలబడాల్సిందే అంది. నాకు నిద్ర పట్టలేదు. ఎటూ కాకుండా పోతాడనిపించింది.”

“పక్కింటావిడ డాక్టరా?”

“కుట్టుపని చేస్తుంది.”

“బాగుంది.”

“మొదటి రెండు రోజులూ తలుపు బాదాడు సార్. చుట్టుపక్కల వాళ్లంతా బయటికొచ్చి చూశారు. మూడోరోజు ఏడ్చాడు. నీ కాళ్లు పట్టుకుంటాను తియ్యవే అన్నాడు. తలుపు కింద సందులోంచి వేళ్లు పెట్టి నా కాళ్ల కోసం వెతికాడు. నేను కాస్త వెనక్కి జరిగి నిలబడ్డాను.”

“ఊఁ.”

“ఐదోరోజుకి అన్నం తిన్నాడు. నిన్న స్నానం చేశాడు. చూశారా, మందు లేకుండానే ఉన్నాడు. తగ్గిపోయింది సార్. అందుకే తీసుకొచ్చాను. పేరు తీసేసి, తగ్గిపోయిందని కాగితం ఇచ్చేయండి. డిపోలో చూపిస్తే మళ్లీ బస్సు ఎక్కనిస్తారు. నాలుగు నెలలైంది ఆయన స్టీరింగు పట్టుకుని.”

“ఇల్లు అలకగానే పండగ కాదమ్మా. తగ్గిపోయిందని నువ్వూ నేనూ అనుకుంటే చాలదు. చికిత్స పూర్తి అని ఇక్కడో గడి ఉంది. అది నొక్కాలంటే తొంభై రోజులు వరసగా రావాలి. మూడు పరీక్షలు శుభ్రంగా రావాలి. ఆపైన డాక్టరుగారి సంతకం కావాలి. ఆయన వచ్చే వారం దాకా ఊళ్లో లేరు.”

“ఇప్పటికి ఎన్ని రోజులైంది సార్?”

“ఇవాళ్టితో ఎనభై ఎనిమిది.”

“ఇంక రెండే.”

“ఈ ఆకుపచ్చ ప్రకారం రెండే. నువ్వు చెప్పేది నిజమైతే మాత్రం ఆ ఆరు గడులూ ఖాళీ. మూడు రోజులు వరసగా ఖాళీ ఉంటే ఎర్రబడుతుంది. ఎర్రబడితే ఫైలు దానంతటదే మూసుకుంటుంది, మధ్యలో మానేశాడు అని. డిపోకి కూడా ఆ మాటే వెళ్తుంది. మళ్లీ ఒకటి నుంచి మొదలు. అప్పటిదాకా ఆ బస్సు నీ మొగుడి కోసం ఆగుతుందా?”

“ఆగదు సార్. ఇంకొకణ్ణి వేశారు కూడా. తాత్కాలికం అంటున్నారు.”

“మరి? నోటిదాకా వచ్చిన ముద్దని నువ్వే నేలపాలు చేసుకుంటానంటే నేనేం చెప్పను?”

“మరి సార్... రాని రోజులకి ఆకుపచ్చ ఎలా వచ్చింది?”

“ఎలా వస్తుంది? వస్తుంది.”

“మీరే పెట్టారా?”

“సాయంత్రం ఇంటికెళ్లే ముందు ఖాళీలు చూస్తాను. సిస్టర్ తొందరలో ఒక్కోసారి నొక్కడం మర్చిపోతుంది. నేను సరిచేస్తాను. ఖాళీ గడి ఉండకూడదమ్మా ఇక్కడ. ఖాళీ ఉంటే ఫోన్ చేస్తారు. ఎర్రగా ఉంటే మనిషినే పంపిస్తారు, ఆ రోగి ఇంటికి వెళ్లావా, వెళ్తే ఏమన్నాడు, వెళ్లకపోతే ఎందుకు వెళ్లలేదు అని. ఎనభై ఇళ్లకి నేనొక్కణ్ణి తిరగాలా ఈ మోకాళ్లతో?”

“అంటే మా ఆయన రాలేదని మీకు తెలుసు.”

“నాకేం తెలుసు? నేను గడులు చూస్తాను, ముఖాలు చూడను.”

“నేను తప్పు పట్టట్లేదు సార్.”

“పట్టకు. నీకు జరిగింది మేలే. ఇంకో రెండు రోజులు తీసుకురా. డాక్టరుగారు రాగానే సంతకం పెట్టిస్తాను. అప్పటిదాకా ఆ వెనక గది, ఆ తాళం, ఆ పక్కింటావిడ, ఎవరూ లేరు. ఎవరడిగినా రోజూ వచ్చాడు, రోజూ తాగాడు.”

“సిస్టర్ అడిగినా?”

“ముఖ్యంగా సిస్టర్ అడిగితే. ఏదీ, చెప్పు.”

“రోజూ వచ్చాడు.”

“తాగాడా?”

“తాగాడు.”

“నిన్న?”

“నిన్నా తాగాడు.”

“తల దించుకుని చెప్తే ఎవరు నమ్ముతారు? నా ముఖం చూసి చెప్పు.”

“నిన్నా తాగాడు సార్.”

“అలాగ. నేర్పితే వచ్చేస్తుంది నీకు. ఇంతకీ ఆ గురక ఏంటి, పొద్దుటి నుంచి? గోడలు కదులుతున్నాయి.”

“ఆయనే సార్. ఆరు రోజులు కంటి మీద కునుకు లేదు. నేను మీ వరసలో నిలబడతాను, నువ్వు ఆ బెంచి మీద కూర్చో అన్నాను. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు.”

“అదృష్టవంతుడు. నాకు నెలాఖరు వస్తే పట్టపగలు కూడా పీడకలలే. రండి సిస్టర్, రండి. సెలవు బాగా గడిచిందా?”

“ఏం గడవడం అన్నయ్యా, వారం రోజులు అత్తగారికి సేవ. ఒక మాట అడిగి పోతాను, కిటికీ దగ్గర ముప్ఫై మంది ఉన్నారు. ఆ బస్సు డ్రైవరు నేను లేని వారమంతా వచ్చాడా?”

“స్క్రీన్ చూసుకోండి సిస్టర్.”

“చూశాకే కదా పోశాను. అన్నీ ఆకుపచ్చగానే ఉన్నాయి.”

“పోశారా? సిస్టర్, మందు పోశారా మా ఆయనకి?”

“మీరెవరమ్మా?”

“ఆయన భార్యని. బెంచి మీద కూర్చోమన్నాను. కదలొద్దన్నాను.”

“ఎనిమిదిన్నరకి అందరికంటే ముందు వచ్చి నిలబడ్డాడమ్మా. చేతులు వణుకుతున్నాయి. గ్లాసు లాక్కున్నట్టే తీసుకున్నాడు. రోజూ వస్తున్నావా అంటే వస్తున్నానన్నాడు. ఏం, పోయకూడదా?”

“అదేం లేదు సిస్టర్. ఆవిడకి ఆ మందంటే భయం. పక్కింటివాళ్లేదో చెప్పారట. అంతేనా అమ్మా?”

“అంతే సార్.”

“మనిషి సగమయ్యాడమ్మా, కళ్లు లోపలికి పోయాయి. అందుకే అనుమానం. ఇంట్లో మీరు చూస్తారు కదా. రోజూ వచ్చాడా?”

“రోజూ... వచ్చాడండీ.”

“తాగాడా?”

“తాగాడు.”

“నిన్న?”

“నిన్నా తాగాడు.”

“చూశారా సిస్టర్. స్క్రీన్ చెప్పింది, ఆయన చెప్పాడు, ఇంటావిడ చెప్పింది. నువ్వు వెళ్లి ఆయన్ని ఓసారి చూసుకో తల్లీ, బెంచి మీంచి పడిపోతాడు.”

“వెళ్తాను సార్. ఇచ్చిన మాట మర్చిపోకండి.”

“వెళ్లు, వెళ్లు. చెప్పండి సిస్టర్, ఇంకేంటి?”

“ఆవిడ వెళ్లింది కాబట్టి అడుగుతున్నాను. ఈ నెల మొత్తంలో ఒక్క ఎర్ర గడి లేదు. మన వాళ్లంతా అంత బుద్ధిమంతులా అన్నయ్యా?”

“మారారు. మనం మార్చాం. అందుకే కదా జీతాలు.”

“హాస్యం కాదు. వేరే రిజిస్టరు ఎందుకు, రెండుసార్లు రాయడం ఎందుకు అని నా పుస్తకం తీసేశారు. ఇప్పుడు మీరు నివేదికకి పెట్టే గడినే నేను మందు పోయడానికి చూడాలి. అదొక్కటే నాకున్న దారి. మూడు రోజులు మానినవాడికి పాత మోతాదు పోయకూడదు. ఒళ్లు దాన్ని తట్టుకోవడం మర్చిపోతుంది. చిన్న మోతాదు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. పూర్తిది పోస్తే వెంటనే ఏమీ కాదు. రెండు మూడు గంటలకి నిద్రలోకి జారుకుంటాడు, గురక పెడతాడు, ఊపిరి మెల్లగా ఆగిపోతుంది.”

“ఇదంతా నాకెందుకు చెప్తున్నారు?”

“మరి ఆయన గురక నాకు నచ్చలేదు. లేపితే ఊఁ అన్నాడు, మళ్లీ పడుకున్నాడు. విరుగుడు సూది నా దగ్గరుంది. పొడిచెయ్యొచ్చు. కానీ రోజూ సరిగ్గా తాగుతున్నవాడికి అది పొడిస్తే ప్రాణం ఉండగానే నరకం చూస్తాడు. వాంతులు, ఒళ్లంతా నొప్పులు. మనల్ని నమ్మి వచ్చేవాడు రేపటి నుంచి రాడు. అందుకే ఒక్కమాట చెప్పండి. ఆ ఆరు గడులు నా బదులు వచ్చిన అమ్మాయి నొక్కిందా, మీరు నొక్కారా?”

“ఎవరు నొక్కితే ఏంటి?”

“అన్నయ్యా.”

“ఆ అమ్మాయే నొక్కింది.”

“ఖాయంగా?”

“పదిహేనేళ్లుగా కలిసి పనిచేస్తున్నాం సిస్టర్. నా మాట మీద నమ్మకం లేదా?”

“ఉంది. ఉంది కాబట్టే మీ దగ్గరికి వచ్చాను. సరే. నిద్ర లేని మనిషేమో. మళ్లీ ఓసారి చూస్తాను.”

“చూడండి. నాకు పన్నెండు లోపల ఇది వెళ్లాలి... హలో. చెప్పండి సార్. ఇదే పని మీద ఉన్నాను సార్. వెళ్లిపోతుంది సార్. ఖాళీలా? ఒక్కటి కూడా లేదు సార్. ఎర్రవి అసలే లేవు. మీ దయ సార్. మొదటి స్థానం మనదేనా? మీ దయ సార్. ఉంటాను సార్.”

“లోపలికి రావచ్చా సార్?”

“ఏమైంది? ఎలా ఉన్నాడు?”

“బాగానే ఉన్నాడు సార్. నోట్లోంచి చొంగ కారుతుంటే తుడిచాను. తల కింద నా సంచి పెట్టాను.”

“పిలిస్తే పలికాడా?”

“ఊఁ అన్నాడు.”

“గట్టిగా అన్నాడా, మెల్లగానా?”

“నిద్రలో మనిషి ఎంత గట్టిగా అంటాడు సార్?”

“అదీ నిజమే. ఒక సంగతి చెప్పు. ఆ ఆరు రోజుల్లో ఎవరైనా ఏదైనా తెచ్చిచ్చారా? స్నేహితులు, డిపోవాళ్లు? కిటికీలోంచి పొట్లమేమైనా? కోప్పడను, చెప్పు.”

“కిటికీకి పలకలు కొట్టించాను సార్.”

“చాటుగా దాచుకున్నదేమైనా?”

“పరుపు కూడా కోసి చూశాను. చీపురుపుల్ల కూడా ఉంచలేదు గదిలో.”

“ఒక్క చుక్క కూడా తాగలేదంటావు.”

“ఒక్క చుక్క లేదు. నేను గర్వంగా చెప్పుకోవాల్సింది అదొక్కటే, అదేమో మీరు చెప్పొద్దన్నారు.”

“అవును. అన్నాను.”

“మీకు చెమటలు పడుతున్నాయి సార్.”

“ఫ్యాను సరిగా తిరగట్లేదు. నువ్వు... నువ్వొకసారి వెళ్లి సిస్టర్‌తో...”

“చెప్పండి సార్.”

“సిస్టర్‌తో...”

“ఏం చెప్పమంటారు?”

“ఏం లేదు. ఆవిణ్ణి కదిలించకు, పనిలో ఉంటుంది. వరండా చివర కుండీ దగ్గర మంచినీళ్లుంటాయి, ఓ గ్లాసు తెచ్చిపెట్టు. ఈలోగా ఇది పంపించేస్తాను. పంపేశాక నేనే వెళ్లి ఆవిడతో మాట్లాడతాను. ఐదు నిమిషాలు. ఐదు నిమిషాల్లో ఏం కొంప మునిగిపోదు.”

“ఏ కొంప సార్?”

“నీళ్లు తల్లీ. నీళ్లు.”

“తెస్తాను.”

“తిరుగు, తిరుగు. స్క్రీన్ మీద ఎంతసేపు తిరుగుతావు? నీకూ నా మోకాళ్లలాంటి మోకాళ్లే ఇచ్చారా? పేజీ అందుబాటులో లేదట. ఇప్పుడే దొరికిందా నీకు? మళ్లీ నొక్కుతాను. తిరుగు. వెధవ యంత్రం. దయచేసి వేచి ఉండండి అట. ఉంటాను. ఇంకేం చేస్తాను? ఉంటాను.”

“నీళ్లు సార్.”

“ఇంతసేపా?”

“సిస్టర్ ఆపింది సార్, అందుకే. ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉంది. చేతిలో సూది కూడా తీసింది. నన్ను చూసి మళ్లీ అడిగింది. అమ్మా, నిజం చెప్పు, నిన్న తాగాడా, మొన్న తాగాడా అని.”

“నువ్వేమన్నావు?”

“మీరు నేర్పినట్టే అన్నాను. ఈసారి తల దించలేదు సార్. ముఖం చూసే చెప్పాను. రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ చెప్పాను.”

“ఆవిడ?”

“సూది మళ్లీ డబ్బాలో పెట్టేసుకుంది. అయితే నిద్రే అయి ఉంటుంది, పడుకోనివ్వండి అంది. ఎవరో వాంతి చేసుకుంటున్నారని పిలిస్తే అటు పరిగెత్తింది. ఎక్కడికి సార్, లేచారు?”

“ఉండు, జరుగు, నేను ఒకసారి బయటికి... ఆగు. వినబడట్లేదేంటి?”

“ఏంటి సార్?”

“గురక.”

“అది ఆగిపోయింది సార్. మీకు ఇబ్బందిగా ఉందన్నారు కదా. నేను నీళ్లు పడుతుండగానే తగ్గుతూ తగ్గుతూ ఆగిపోయింది. ఆరు రోజుల తర్వాత ఇవాళే హాయిగా పడుకున్నాడు.”

“పెదాలు ఎలా ఉన్నాయి?”

“పెదాలా? చలికేమో కాస్త నల్లబడ్డాయి. చేతులు కూడా చల్లగా ఉన్నాయి. నా శాలువా కప్పి వచ్చాను.”

“ముఖం మీద కూడా కప్పావా?”

“ముఖం మీద ఎందుకు సార్?”

“ఊరికే అడిగాను.”

“బయటికి వెళ్తానన్నారు?”

“లేదు. అక్కర్లేదు. ఆ తలుపు దగ్గరికి వేసి రా.”

“గాలి ఆడదు సార్.”

“పర్లేదు. గొళ్లెం కూడా పెట్టు. కూర్చో. పొద్దున రాగానే నన్నేమడిగావు?”

“పేరు తీసేయమన్నాను. తగ్గిపోయిందని కాగితం ఇమ్మన్నాను. కుదరదన్నారు.”

“కుదురుతుంది.”

“సార్?”

“చికిత్స పూర్తి. ఇదిగో, చూడు, నీ ముందే నొక్కుతున్నాను.”

“తొంభై రోజులు కావాలన్నారు కదా?”

“చేరిన తేదీ మూడు రోజులు వెనక్కి జరిపాను. తొంభై నిండాయి.”

“పరీక్షలు?”

“మూడూ శుభ్రంగా వచ్చాయి.”

“డాక్టరుగారు వచ్చే వారం దాకా రారన్నారు.”

“ఆయన రాకపోయినా ఆయన సంతకం ఈ పెట్టెలోనే ఉంటుంది. దాని తాళంచెవి నా దగ్గరుంది. నీ దగ్గరున్నట్టే.”

“తేదీ నిన్నటిది వేశారేంటి సార్?”

“నిన్నటితో పూర్తయిపోయింది. నిన్నటి నుంచే ఆయన మా మనిషి కాదు. మా లెక్కలో లేడు.”

“మరి ఇవాళ తాగిన మందు?”

“అది సిస్టర్ పోసింది. పేరు లేనివాడికి ఎందుకు పోసిందో సిస్టరే చెప్పుకుంటుంది.”

“పాపం, ఆవిణ్ణి ఏమీ అనకండి సార్. మంచి మనిషిలా ఉంది. ఆయన దగ్గర కూర్చుని నుదురు రాసింది.”

“నేనెందుకు అంటాను? ఇక్కడ సంతకం పెట్టు. నా భర్తకి పూర్తిగా నయమైంది, నా ఇష్టపూర్వకంగా తీసుకువెళ్తున్నాను అని ఉంది. ఇక్కడ. కింద కూడా. పన్నెండుకి రెండు నిమిషాలుంది, త్వరగా పెట్టు.”

“సంతోషంగా పెడతాను సార్. నాలుగు నెలలు ఎంతమంది కాళ్లు పట్టుకున్నానో. ఎవరూ ఇంత తొందరగా చెయ్యలేదు.”

“తిరుగు... తిరుగు... హమ్మయ్య. వెళ్లిపోయింది.”

“ఏంటి సార్?”

“నివేదిక. ఇదిగో నీ కాగితం, ముద్ర కూడా వేశాను. ఇప్పుడే ఆయన్ని లేపకు.”

“లేపను సార్. కంటినిండా నిద్రపోనివ్వండి. మడిచి చొక్కా జేబులో పెడతాను, లేవగానే ఆయన చెయ్యి మొదట అక్కడికే పోతుంది.”